ఇద్దరికీ ఒకటే షిఫ్టు

తెల్లవారేసరికి భార్యాభర్తలిద్దరూ ఒకేసారి పొయ్యి దగ్గరికి వచ్చారు, ఒకేసారి పక్కకు తప్పుకున్నారు. పెళ్లై పద్దెనిమిదేళ్లయినా ఎవరు టీ పెట్టాలో ఇంకా తేలలేదు.

ఆ ఊరికి తిండి పెట్టేది కార్ల ఫ్యాక్టరీ. లారీలు, హాస్టళ్లు, టీ కొట్లు, చివరికి బడి గంట కూడా దాని సైరన్‌నే నమ్ముకుని ఉండేవి. ఆమె ఉదయం షిఫ్టులో సీట్ల కవర్లు కుట్టేది. అతను రాత్రి షిఫ్టులో కార్ల తలుపులు బిగించేవాడు. ఒకరి షిఫ్టు దిగేవేళకే రెండోవాళ్లది మొదలయ్యేది. వారపు సెలవులు కూడా వేరువేరు రోజుల్లో వచ్చేవి. చంటిపిల్లను గేటు దగ్గరే ఒకరి చేతుల్లోంచి ఒకరు అందుకునేవారు. ఆ పిల్ల పుట్టిందంటే ఫ్యాక్టరీలో సమ్మె జరగబట్టేనని వీధిలో వాళ్లు ఆటపట్టించేవారు.

ఈమధ్య కార్ల అమ్మకాలు పడిపోయి, ఊరవతలి ఇంజిన్ల ప్లాంటులో తప్ప రాత్రి షిఫ్టు ఎత్తేశారు. కొట్లు సగం మూతపడ్డాయి. ఉద్యోగాలు ఊడనందుకు ఊపిరి పీల్చుకుని, వీళ్లిద్దరూ ఉదయం షిఫ్టులో పడ్డారు.

ఆ వారమంతా ఆమెకు కలలో నడుస్తున్నట్టే ఉంది. మంచు కమ్మిన వీధిలో పక్కనే మొగుడు. అప్పుడప్పుడు భుజం తగిలేది. కొత్త పెళ్లికూతురిలా సిగ్గు పడుతున్నందుకు తనమీద తనకే నవ్వొచ్చేది.

శనివారం ఏదో పనుందని అతను ముందే వెళ్లాడు. ఆమె ఒక్కతే కంపెనీ బస్సు ఎక్కుతుంటే డ్రైవరు పలకరించాడు. "వదినా, అన్నయ్య ఎల్లుండి నుంచి ఇంజిన్ల ప్లాంటు రాత్రి బస్సుకటగా? ఆ రూటూ నాదేలే."

ఆ రోజు ఆమె కుట్టిన కవర్లు విప్పి మళ్లీ కుట్టాల్సి వచ్చింది.

సాయంత్రం ఇంటికి రాగానే అడిగేసింది. "నాతో మాటైనా అనకుండా రాత్రి షిఫ్టు అడిగారా?"

"చెబుదామనే అనుకున్నా."

"ఎప్పుడు, బస్సెక్కాకా? వారం రోజులు నా మొహం చూసేసరికే విసుగొచ్చిందా?"

"అది కాదు."

"మరేంటి? ఇన్నేళ్లూ గేటు దగ్గర 'తిన్నావా' అని అడిగి వెళ్లిపోతుంటే, ఎంత ప్రేమో అని మురిసిపోయాను. దూరంగా ఉంటేనే ఆ ప్రేమ అని నాకేం తెలుసు?"

మూల కూర్చుని చదువుకుంటున్న కూతురు పుస్తకం మూసింది. "మీరు పోట్లాడుకోవడం చూడ్డం ఇదే మొదటిసారి. కానివ్వండి, బాగానే ఉంది."

తల్లికి నవ్వొచ్చింది. నవ్వబోతే ఏడుపొచ్చింది.

ఆ ఏడుపు చూసి అతను నోరు విప్పాడు. "నాకు నిద్ర పట్టట్లేదే. ఇన్నాళ్లూ నేనొచ్చేసరికి నువ్వుండేదానివి కాదు. నీ దుప్పటే కప్పుకుని, దిండు మీద నీ తలనూనె వాసన చూస్తూ పడుకునేవాణ్ణి. ఇప్పుడు నువ్వే పక్కనున్నావు. నిద్రలో నవ్వుతావు, ఏదో గొణుగుతావు. వింటూ ఉంటే తెల్లారిపోతోంది. నిన్న పనిలో కునుకుపట్టి, బోల్టు బిగించకుండానే తలుపు వదిలేశాను. చెకింగులో దొరికింది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ కారెక్కేవాళ్ల గతేంటి?"

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ముందే చెప్పొచ్చుగా."

"పెళ్లాం పక్కనుంటే నిద్ర రావట్లేదంటే నువ్వేమనుకుంటావోనని."

"ఇప్పుడు అంతకంటే మంచిగా అనుకున్నానా?" అంది. "నేను నిజంగా నవ్వుతానా?"

"నవ్వుతావు."

"అయితే ఆ రాత్రి బస్సు మీకోసం ఆగక్కర్లేదని ఆ డ్రైవరు మరిదితో చెప్పండి. పసిపిల్లకు నిద్ర అలవాటు చేశాను, మీకు చేయలేనా?"

అతను తలూపాడు.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం ఎండ గదిలోకి మెల్లగా పాకింది. ఆమె చాప మీద కూర్చుని, అతని తల ఒళ్లో పెట్టుకుని నిమురుతూ ఉంది. ఎక్కడో లారీ వెళ్లిన చప్పుడు కలలోలా వినిపించి ఆగిపోయింది. అతనికి నిద్ర పట్టింది. గోడకు ఆనుకుని ఆమె కూడా నిద్రలోకి జారింది.

తలుపు చప్పుడైతే కూతురు మునివేళ్ల మీద నడిచి వెళ్లి తీసింది. పక్కింటావిడ నిలబడి ఉంది.

"ఇంట్లో ఎవరూ లేరా?"

ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్లందరికీ 'నాన్న పడుకున్నారు' అని చెప్పిన పిల్ల, ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

"అమ్మా నాన్నా పడుకున్నారత్తా," అంది.