పది లెక్కపెట్టే పాఠం

కళింగతీరం రేవులో క్రేన్ నడపడం నేర్చుకుంటున్న పైడితల్లి హెల్మెట్ తీసి, బతిమాలుతున్నట్టు చూసింది.

“ఇంకోపాలి ఎక్కించండి మేడమ్! భలేగుంది.”

పాఠం అయ్యాక మళ్ళీ చెప్పమనే ఉద్యోగులు ఎక్కడైనా ఉన్నారా? ఉన్నారు, రేవులో శిక్షణ ఇచ్చే డాక్టర్ హైమవతి దగ్గర. శిక్షణ తరగతి అంటే సమోసాల కోసం ఎదురుచూస్తూ ఆవలించడమే అనే రోజులకి ఆవిడ మంగళం పాడేసింది. ఆవిడ తయారుచేసిన ‘శ్రద్ధ’ హెల్మెట్ కళ్ళముందు నిజమైన క్రేన్ క్యాబిన్‌ని నిలబెడుతుంది. లోపలి సెన్సర్లు మెదడు తరంగాలని చదివి, విసుగు మొదలైన క్షణాన్ని పట్టేస్తాయి. విసుగు పుట్టించిన భాగాన్ని సాఫ్ట్‌వేర్ తనంతట తానే కుదించి, సరదా అయినదాన్ని పెంచుతుంది. ఆర్నెల్లలో శ్రద్ధ మార్కులు నూటికి తొంభై ఎనిమిది! ఆ అంకెని ఫ్రేము కట్టించి గదిలో తగిలించింది హైమవతి. గర్వమా అంటే గర్వమే, దాచుకోవడం ఎందుకు?

పరీక్ష రోజున పైడితల్లి నిజం క్రేన్ ఎక్కింది. ప్యాసైతే ఆ రేవులో మొదటి మహిళా ఆపరేటర్ తనే. ముప్పై ఏళ్ళు క్రేన్ నడిపిన సన్యాసిరావు కింద నిలబడి చేతి సైగ చేశాడు. మోటారు ఉన్న పెట్టె సర్రున లేచింది. మనిషెత్తు దాటాక పెట్టెకి కట్టిన బెల్టు జారింది. సన్యాసిరావు పక్కకి దూకాడు. బారెడు దూరంలో పెట్టె పడి ముక్కలైంది.

“ఊపిరి తియ్యనీకుండా ఎత్తేసినావేటే!” అని అరిచాడు.

ఊపిరి అనేది ఆ రేవు వాళ్ళ అలవాటు. సరుకుని జానెడు లేపి, ఆపి, పది లెక్కపెడతారు. బెల్టు జారేదైతే ఆ కాస్త ఎత్తులోనే జారుతుంది.

డైరెక్టర్ ముకుందరావు మండిపడ్డాడు. “ఆ అమ్మాయిని ఇవాళే పంపించెయ్యండి!”

హైమవతి రికార్డులు తెరిచింది. మొదట్లో పాఠంలో పది అంకెలూ ఉన్నాయి. ఏమీ జరగని ఆ కాసేపూ అందరికీ విసుగే. సాఫ్ట్‌వేర్ పదిని ఏడు చేసింది, ఏడుని మూడు చేసింది, చివరికి మొత్తం తీసేసింది. అది చెడిపోలేదు, ఆవిడ చెప్పిన పనే తు.చ. తప్పకుండా చేసింది. హైమవతికి తల కొట్టేసినట్టయింది. నోరు మెదపకపోతే తన పేరు నిలుస్తుంది, పైడితల్లి ఉద్యోగం పోతుంది.

“తప్పు తనది కాదండీ, నా పాఠానిది. పదిరోజులు టైమివ్వండి.”

“పదే. మళ్ళీ ఇలా జరిగితే ఇద్దరూ ఇంటికే.”

ఈసారి సన్యాసిరావుని పక్కన కూర్చోబెట్టుకుంది. “అలా లెక్కపెడుతుంటే మీకు విసుగెయ్యదా?”

“ఎందుకెయ్యదమ్మా? ముప్పై ఏళ్ళూ ఇసుగే. అందుకే కదా, పేనాలతో ఇలా కూకుని మీతో మాటాడతన్నాను.”

కొత్త పాఠంలో ఆ పది అంకెల్ని సాఫ్ట్‌వేర్ ముట్టుకోకుండా కట్టడి చేసింది హైమవతి. వందసార్లు లేపితే తొంభై తొమ్మిది సార్లు ఏమీ జరగదు. ఏసారి జారుతుందో మాత్రం ఎవరికీ తెలియదు. శ్రద్ధ మార్కులు నలభై ఒకటికి పడిపోయాయి. ఇంకోపాలి అని అడగడం పైడితల్లి మానేసింది.

గడువు రోజు రానే వచ్చింది. ఈసారి సన్యాసిరావు ఎవరికీ చెప్పకుండా ఒక బెల్టు వదులుగా కట్టించాడు. పెట్టె జానెడు లేచి ఆగిపోయింది.

“ఏంటి, ఆపేసింది?” అని ముకుందరావు వాచీ చూసుకున్నాడు. ఇంతలో పెట్టె ఒక పక్కకి ఒరిగి, మెత్తగా నేలకి ఆనింది. దానిమీద గీత కూడా పడలేదు.

“ఎనిమిది కాడ జారిపోనాది మేడమ్!” క్యాబిన్‌లోంచి కేకేసింది పైడితల్లి.

హైమవతి కళ్ళు చెమర్చాయి. తొంభై ఎనిమిది వచ్చిన రోజున కూడా ఆవిడ ఇంత గర్వపడలేదు.

ఆ సాయంత్రమే ఆపరేటర్ కార్డు అందుకున్న పైడితల్లి, శిక్షణ మీద అభిప్రాయం రాయమంటే మొహమాటపడకుండా రాసింది: “పాఠం చాలా విసుగు. మధ్యలో నిద్ర కూడా వచ్చింది.”

హైమవతి గోడమీది ఫ్రేములోంచి తొంభై ఎనిమిదిని తీసేసి, ఆ కాగితం పెట్టింది. ఇప్పుడు గదికి ఎవరొచ్చినా ముందు దాన్నే చూపిస్తుంది.