సంతకం లేని జాబు

ధన్!

పికప్ వెనక అద్దం పేలింది. గాజు ముక్కలు ఝాన్సీ మెడ మీద రాలాయి.

"తల వంచు పాపా! వంచు!" పక్క సీట్లోంచి అరిచాడు అంజనప్ప.

"తల వంచితే రోడ్డు యాడ కనబడ్తాది నాయనా!"

పలమనేరు దాటింది. పుంగనూరు ఇంకా పదిహేను కిలోమీటర్లు. ఉదయం తొమ్మిదిన్నర.

వెనక తెల్ల కారు దూసుకొస్తోంది. స్టీరింగ్ మీద ఎడమచెయ్యి. కిటికీలోంచి కుడిచెయ్యి... అందులో రివాల్వర్!

లోకేష్!

కుప్పంలో రైలు దిగినప్పటి నుంచి జలగలా పట్టుకున్నాడు. స్టేషన్ బయటే ఝాన్సీ ఫోన్ లాక్కుని నేలకేసి కొట్టాడు.

అతనికి కావాల్సింది ఒక్క కాగితం.

తొంభై ఏళ్ళ కిందటి జాబు. గుర్రంకొండ కోటలో దాక్కున్న ముగ్గురు ఉద్యమ కుర్రాళ్ళ జాడ తెల్లదొరకి చెబుతూ ఎవరో రాసిన జాబు. ముగ్గుర్నీ కాల్చేశారు. ఊరు ఆ నింద అంజనప్ప తాత మునెప్ప మీద వేసి, ఆయన్ని రాళ్ళతో కొట్టి చంపింది. అప్పటి నుంచీ వీళ్ళది 'జాబోళ్ళ ఇల్లు'. పెళ్ళికి పిలుపు ఉండదు. చావుకి పాడె మోసేవాడు ఉండడు.

నిన్న బెంగళూరులో ఆ జాబు వేలానికి వచ్చింది. ఫోటోల్లో సంతకం మూసేశారు. చూడాలంటే హాలుకి రావాల్సిందే. ఇద్దరూ చూశారు, అంజనప్పా, లోకేషూ.

కింద ఉన్నది మునెప్ప పేరు కాదు. గోవిందస్వామి... లీడర్ మల్లికార్జున తాత!

ఈ రోజు పదకొండింటికి మదనపల్లెలో ఆ గోవిందస్వామికే విగ్రహం. త్యాగమూర్తి అట! ముసుగు తీసేది మనవడే.

మల్లికార్జున తరఫున లోకేష్ పాట పాడాడు. నాలుగెకరాలూ అమ్మేసి వచ్చిన అంజనప్ప ఇంకా పైకి పాడాడు. ముప్పై ఏళ్ళుగా పశువుల బ్రోకరు. బేరం ఎక్కడ ఆపాలో తెలిసిన మనిషి. నిన్న మాత్రం ఆగలేదు. జాబు కొనేశాడు.

ధన్! సైడ్ మిర్రర్ ఎగిరిపోయింది.

"రెండు," అన్నాడు అంజనప్ప.

"ఏం రెండు?"

"లెక్క పెడతాండా. నువ్వు బండి తోలు!"

పుంగనూరు పొలిమేర. అదిగో సంత మైదానం...

ధన్!

టైరు పేలింది. పికప్ గింగిరాలు తిరిగి, ఇనుప కంచె చీల్చుకుని, మైదానంలో పక్కకి పడిపోయింది. ఈ రోజు సంత లేదు. చుట్టూ పశువులు కట్టే గుంజలు తప్ప పురుగు లేదు.

ఝాన్సీ నోట్లో రక్తం. తండ్రిని చంకలు పట్టి బయటికి లాగింది. అప్పటికే లోకేష్ ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"జాబు యాడ?"

"కాల్చేసినాం," అంది.

ధన్!

అంజనప్ప తొడ చీలింది. ఝాన్సీ గొంతు చిరిగేలా అరిచింది.

"నాలుగు..." పళ్ళ బిగువున అన్నాడు అంజనప్ప.

లోకేష్ బండి సీట్లు కోశాడు. డాష్‌బోర్డు పీకాడు. ముసలాయన చొక్కా చింపాడు. దొరకలేదు. ఝాన్సీ జుట్టు పట్టి లాగి, కణతకి రివాల్వర్ ఆనించాడు.

"కడాసారి అడుగుతాండా అప్పా!"

"ఒరే లోకేషూ... మీ నాయనా నేనూ ఈ సంతలోనే బేరాలు చేసినాం. నా బిడ్డ పానానికి బేరం చేస్తా. దా, చెయ్యి పెట్టు."

అంజనప్ప భుజం మీది టవల్ తీసి పరిచాడు. ఈ సంతలో ధర నోటితో చెప్పరు. టవల్ కింద వేళ్ళు పట్టుకుని చెబుతారు. ఎన్ని వేళ్ళు నొక్కితే అంత. పిడికిలి పెడితే ఏమీ లేదని.

లోకేష్ నవ్వాడు. ఝాన్సీని పక్కకి తోసి కూర్చున్నాడు. రివాల్వర్ వదలకుండా ఎడమచెయ్యి చాచాడు.

"థూ! బేరానికి ఎడమచెయ్యా! సంతలో పుట్టినోడివేనా నువ్వు?"

లోకేష్ మొహం ఎర్రబడింది. రివాల్వర్ ఎడమచేతికి మార్చాడు. కుడిచెయ్యి టవల్ కింద పెట్టాడు.

అంతే!

ముప్పై ఏళ్ళు ఎద్దుల ముకుతాళ్ళు పట్టిన చెయ్యి అది. పటపటా నాలుగు వేళ్ళూ విరిచేసింది!

లోకేష్ కేక పెట్టాడు. ధన్! గుండు ఆకాశంలోకి పోయింది. ధన్! ఈసారి టవల్ లోంచి అంజనప్ప కడుపులోకి!

ఝాన్సీ చేతికి జాకీ రాడ్ దొరికింది. మోకాలి మీద ఒకటి. మొహం మీద ఇంకొకటి. పళ్ళు రాలాయి. రివాల్వర్ లాక్కుంది.

తండ్రి టవల్ మడత చింపాడు. అందులో కుట్టిన ప్లాస్టిక్ కవరు. అందులో జాబు.

అడుగున, సంతకం ఉండాల్సిన చోట... గుండ్రటి చిల్లు. చుట్టూ రక్తం.

లోకేష్ రక్తం ఉమ్మి నవ్వాడు. "పేరు పాయ! ఇంక అది సిత్తుకాగితం!"

పొలం పోయింది. పేరూ పోయింది!

అంజనప్ప ఆమె చెయ్యి టవల్ కిందికి లాక్కున్నాడు. వేళ్ళు నొక్కలేదు. పిడికిలి పెట్టాడు.

ఏమీ లేదు! ఆరు గుండ్లూ అయిపోయాయి!

లోకేష్ లెక్క పెట్టుకోలేదు. ఆమె ఖాళీ రివాల్వర్ ఎత్తి అతని నుదుటికి పెట్టింది.

"సంతకం సూసినోడివి నువ్వున్నావు కదా. పద. మైకులో చెబుదువు. లేదంటే ఈడనే కాలుస్తా!"

లోకేష్ నవ్వు ఆగిపోయింది.

లోకేష్ ఎడమచేత్తో గేరు వేస్తూ, కుడి మోచేత్తో స్టీరింగ్ తిప్పుతున్నాడు. కారు మదనపల్లె వైపు పరిగెడుతోంది. వెనక సీట్లో తండ్రి తల ఆమె ఒళ్ళో ఉంది.

"ముందు ఆస్పత్రికి పోదాం నాయనా..."

"ముసుగు... తీసేస్తారు పాపా. అందరూ ఉండంగా చెప్పించు."

మదనపల్లె మొదటి ఇళ్ళు కనిపించేసరికి ఆయన చెయ్యి చల్లబడింది. ఝాన్సీ ఏడ్చింది. ఏడుస్తూనే రివాల్వర్ దించలేదు.

పదకొండు. వేలమంది జనం. స్టేజీ మీద తెల్లచొక్కా, నడుముకి లైసెన్సు పిస్తోలు... మల్లికార్జున. చేతిలో ముసుగు తాడు.

లోకేష్ మల్లికార్జున మనిషని అందరికీ తెలుసు. దారిచ్చారు. వెనకే ఝాన్సీ, చేతి మీద రక్తపు టవల్, దాని కింద అతని వెన్నుకి ఆనిన గొట్టం.

"చెప్పు."

లోకేష్ మైకు పట్టుకున్నాడు.

"గుర్రంకొండ పిల్లోళ్ళని పట్టిచ్చింది... మునెప్ప కాదు! ఆ జాబు నేను సూసినా! రాసింది గో..."

ధన్!

లోకేష్ మైకుతో సహా కూలిపోయాడు.

జనం ఝాన్సీ వైపు చూశారు. ఆమె టవల్ తీసింది. రివాల్వర్ తెరిచి పట్టుకుంది. ఆరు ఖాళీ తూటాలు స్టేజీ మీద దొర్లాయి.

అప్పుడు అందరూ మల్లికార్జున వైపు తిరిగారు. అతని పిస్తోలు గొట్టంలోంచి ఇంకా పొగ వస్తోంది. జారిపోయిన తాడుతో పాటు ముసుగూ జారి, వెనక గోవిందస్వామి బయటపడ్డాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఝాన్సీ చిల్లు పడిన జాబు పైకెత్తింది.

"మనవడి చేత్తోనే సంతకం పడింది నాయనా!"