గొంతు పట్టీ

"ఇంకోసారి అనక్కా" అన్నాడు ధనుంజయ్, కంప్యూటర్ తెర మీంచి చూపు తిప్పకుండా.

గౌరీశ్వరి మెడకు చుట్టుకున్న నల్లటి పట్టీని సర్దుకుని పెదాలు కదిపింది. బల్ల మీది స్పీకర్ కాసేపు గరగరమంది. తర్వాత ఆ ఇంట్లో చాలాకాలంగా వినపడని గొంతు ఖంగుమని పలికింది.

"లోపలికి జరగండి! ఎక్కేవాళ్ళకి దారివ్వండి!"

ధనుంజయ్ రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చేశాడు.

విశాఖపట్నంలో సిటీ బస్సు కండక్టర్‌గా పనిచేసిన గౌరీశ్వరి గొంతు ఎరగనివాళ్ళు ఆమె రూట్లో ఉండేవారు కాదు. కేన్సర్ వచ్చి, డాక్టర్లు స్వరపేటిక తీసేశారు. కానీ స్వరపేటిక లేకపోయినా మనిషి మాట్లాడబోయినప్పుడు దవడ కిందా, నాలుక కిందా కండరాలు కదులుతూనే ఉంటాయి. ఆ కదలికల్లో పుట్టే సన్నటి విద్యుత్ సంకేతాలను పట్టీలోని సెన్సార్లు పట్టుకుంటాయి. కంప్యూటర్ వాటిని మాటలుగా మారుస్తుంది. గొంతు మాత్రం ఆమెదే. ఒక పెళ్ళి వీడియోలో ఆమె పెట్టిన కేకల్లోంచి తమ్ముడు దాన్ని తయారుచేశాడు.

ఆ ఏడాది హైదరాబాద్‌లో కొత్త వైద్య పరికరాల కోసం హ్యాకథాన్ పోటీ ప్రకటించారు. గెలిచినవాళ్ళ పరికరాన్ని ఆసుపత్రుల్లో రోగులకు ఇచ్చి చూస్తారు. గౌరీశ్వరితో పాటు ఆపరేషన్ అయి గొంతు పోయినవాళ్ళు ఆసుపత్రి వార్డులో ఇంకా ఉన్నారు. వాళ్ళందరికీ పట్టీ అందాలంటే ముందు దరఖాస్తు నెగ్గాలి. ధనుంజయ్ దాన్ని రాసి, తనకు చదువు చెప్పిన శాస్త్రవేత్త డాక్టర్ మెహరున్నీసాకు చూపించాడు.

ఆవిడ మొదటి పేజీ దగ్గరే ఆగింది.

"'ప్రపంచంలో లక్షలాది మంది' అని మొదలుపెట్టావు. వాళ్ళలో ఒక్కరైనా నాకు కనపడటం లేదు. మీ అక్క గురించి రాయి. తలుపవతల ఉన్న మనిషిని పిలవలేకపోవడం ఎలా ఉంటుందో రాయి. పట్టీ ఎక్కడ తప్పు పలుకుతోందో అది కూడా రాయి. లోపం దాచేవాణ్ణి ఎవరూ నమ్మరు."

"సరే మేడమ్."

"మరి 'ఈ పరికరం వల్ల కలిగే నష్టాలు' అన్నచోట 'ఏమీ లేవు' అన్నావేం?"

"నిజంగానే లేవు మేడమ్. వేడెక్కదు, షాక్ కొట్టదు."

"అది నువ్వెలా చెప్తావు? వేసుకునే మనిషిని అడుగు."

ఇంటికొచ్చి మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. వంటింట్లో గౌరీశ్వరి కూర తరుగుతోంది.

"అక్కా! దీనివల్ల నీకేమైనా నష్టం ఉందా?" అని కూర్చున్నచోటి నుంచే అరిచాడు.

కత్తి చప్పుడు ఆగింది. బల్ల మీది స్పీకర్ పలికింది.

"ఉందిరా. నువ్వు నా మొహం చూడ్డం మానేశావు."

అది నిజమే. ఆపరేషన్ అయ్యాక ధనుంజయ్ రోజూ అక్క ఎదురుగా కూర్చుని పెదాలు చదవడం నేర్చుకున్నాడు. ముందు ఒక్కో మాటే అర్థమయ్యేది. రానురాను ఆమె తిట్లూ, బస్సు కబుర్లూ, పక్కింటివాళ్ళ మీద విసుర్లూ అన్నీ తెలిసిపోయేవి. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని చప్పుడు లేకుండా పోట్లాడుకుని, చప్పుడు లేకుండా నవ్వుకునేవారు. పట్టీ వచ్చాక ఆమె మాట ఏ గదిలో ఉన్నా వినపడుతోంది. ఇక ఎదురుగా కూర్చోవలసిన పని లేకపోయింది.

ధనుంజయ్ వేళ్ళు కీబోర్డు మీద ఒక్క క్షణం ఆగాయి. లేచి వంటింట్లోకి వెళ్దామనుకున్నాడు. ఆ వెంటనే, ఆ వాక్యం దరఖాస్తుకు చాలా బాగుంటుందని కూడా అనిపించింది. ఉన్నదున్నట్టు టైపు చేశాడు.

"ఏటిరా, మాట్లాడవేం?" అంది స్పీకర్.

"రాస్తున్నానక్కా" అన్నాడు.

దరఖాస్తు నెగ్గింది. ఆ ఒక్క జవాబే మిగతావాటి నుంచి దీన్ని వేరు చేసిందని న్యాయనిర్ణేతలు ఫోన్‌లో మెచ్చుకున్నారు. ఫైనల్స్‌కి అక్కని తీసుకెళ్ళాలని ఇద్దరికీ రైలు టిక్కెట్లు కూడా తీశాడు.

కానీ గౌరీశ్వరి మెడ వాచింది. పట్టీ వల్ల కాదని, జబ్బే తిరగబెట్టిందని డాక్టర్లు చెప్పారు. రేడియేషన్ మొదలయ్యాక మెడ మీది చర్మం కాలినట్టు కమిలిపోయింది. గుడ్డ కూడా తగలనివ్వకూడదన్నారు.

"వెళ్ళిరా. వార్డులో అందరూ ఎదురుచూస్తున్నారు" అన్నది, పట్టీ తీసేసే ముందు దానితో ఆమె ఆడిన చివరి మాట.

ధనుంజయ్ ఒక్కడే వెళ్ళాడు. రికార్డు చేసిన ఆమె గొంతు వినిపించాడు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మొదటి బహుమతి వచ్చింది. పట్టీలు తయారు చేయించి ఆ వార్డుకే ముందు ఇస్తామన్నారు.

స్టేషన్ నుంచి సరాసరి ఆసుపత్రికి వచ్చాడు. గౌరీశ్వరి బాగా చిక్కిపోయింది. సెలైన్ ఎక్కిస్తున్న చెయ్యి వాచి, వేళ్ళు వంగడం లేదు. గెలిచామని చెప్తే కళ్ళతో నవ్వింది. తర్వాత పెదాలు కదిపింది.

ధనుంజయ్ కుర్చీ దగ్గరకు లాక్కుని ఆమె మొహంలోకి చూశాడు. అతనికి ఏమీ తెలియలేదు. 'ఇల్లు' అన్నదా? 'నీళ్ళు' అన్నదా?

"ఇంకోసారి అనక్కా."

ఆమె ఇంకోసారి అంది. నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి అంది. ఒకప్పుడు ఇంతకంటే వేగంగా వెళ్ళే కబుర్లను అందుకున్న కళ్ళు ఇప్పుడు ఆ పెదాలను ఊరికే చూస్తూ ఉండిపోయాయి.

అర్థమైందన్నట్టు ధనుంజయ్ తలూపాడు.

అర్థం కాలేదని ఆమెకు తెలిసింది. చిన్నగా చిరునవ్వు నవ్వి, వాచిన చేత్తోనే తమ్ముడి చెంప నిమిరి, ఇక ఆ మాట మళ్ళీ అనలేదు.