ఏడో మంచం కాపలా

ఆ ఐసీయూలో ఏడో మంచం పేరెత్తితే చాలు, ఎంత మొండి ఆయా అయినా "బాబోయ్, నా వల్ల కాదు" అనేదట. ఊరికే అంటారా మరి? నెల తిరక్కుండా ముగ్గురు పోయారు... ముగ్గురూ తేరుకుంటున్నవాళ్లే! మూడో రాత్రికి వణుకు, ఒళ్లు కాలిపోయే జ్వరం. రక్తంలో క్రిమి చేరిందన్నారు డాక్టరుగారు. ఉన్న యాంటీబయాటిక్‌లన్నీ ఎక్కించి చూశారు. ఒక్కదానికీ లొంగలేదు.

"క్రిమీ లేదు, గిమీ లేదు," ఓ ఆయా గొంతు తగ్గించి చెప్పేది. "అర్ధరాత్రి ఆ మంచం వెనకాల ఎవరో గుటకలేస్తారు సిస్టరమ్మా... నా చెవులారా విన్నాను."

నైట్ సిస్టర్ నవ్వేసేది. ఆ నవ్వు ఎన్నాళ్లు? పేగు ఆపరేషన్ చేసి ఆవిడ సొంత తమ్ముణ్ణే తెచ్చి అక్కడ పడుకోబెట్టారు. ఇంకెక్కడా ఖాళీ లేదు.

మూడో రాత్రి వాణ్ణి ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. పది గంటల మందు తనే కలిపింది, తనే ఎక్కించింది. పక్కనే కుర్చీ వేసుకు కూర్చుంది.

"ఏంటక్కా, దెయ్యానికి కాపలానా?"

"నోర్మూసుకు పడుకోరా."

నవ్వుతూనే నిద్రపోయాడు. ఆవిడకి మాత్రం కంటి మీద కునుకు లేదు.

రెండైంది...

గుళుక్.

ఆవిడ గుండె ఝల్లుమంది. మంచం వెనకాలే... కర్టెన్ అవతల... మళ్లీ, గుళుక్—

టార్చి పట్టుకుని ఒక్కసారిగా కర్టెన్ లాగింది.

సింకు! పైఅంతస్తులో ఎవరో బకెట్ నీళ్లు పారబోస్తే, కింద గొట్టం గుటకలేస్తోంది. "ఓసి నీ దుంపతెగ! ఇంతేనా?" అని ఊపిరి పీల్చుకుంది. రెండు గంటల మందు కలుపుదామని అలవాటుగా పంపు తిప్పి చేతులు కడుక్కోబోయింది.

నీళ్ల ధార సూటిగా కన్నంలో పడింది. కన్నం చుట్టూ నల్లటి జిగురు. అందులోంచి తుంపర లేచి పక్కనున్న ట్రేలో సిరంజిల మీద పడింది.

మిగతా మంచాలన్నిటికీ మందు ట్రాలీ మీదే కలుపుతారు. ఈ మూలకి ట్రాలీ పట్టదు. అందుకని ఏడో మంచం మందు మాత్రం అందరూ చేతులు శుభ్రంగా కడుక్కుని మరీ ఈ సింకు గట్టు మీదే కలుపుతారు. పోయిన ముగ్గురికీ ఇక్కడే కలిపారు. వాళ్లలో ఇద్దరికి కలిపింది తనే.

ట్రే మొత్తం చెత్తడబ్బాలో కుమ్మరించేసింది. హమ్మయ్య, ఇంకా ఎక్కించలేదు...

మరి పది గంటల మందు?

"అక్కా..." వెనక నుంచి తమ్ముడు పిలిచాడు. "ఇంకో దుప్పటి కప్పవే. చలేస్తోంది."