ఏడో అంశం అమ్ములు

"అమ్ములు నాకే! అమ్మ ఎప్పుడో మాటిచ్చింది!"

రాగిణి అరుపు హాలు దాటి వంటగదిలోకి దూసుకొచ్చింది. చింతపండు పిసుకుతున్న అమ్ములు చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది.

"నీకెట్లా ఇస్తుందే? ఇరవై రెండేళ్ళుగా ఈ ఇంట్లో ఉన్న మనిషి! ఆమె లేకపోతే మాకు పూట గడుస్తుందా?" అన్నాడు జయదేవ్.

"నీ పిల్లలు ఎదిగొచ్చారు కదా అన్నయ్యా! గంట దూరాన కేంబ్రిడ్జ్‌లో నా కవలలకి డేకేర్ దొరక్క నేను చస్తుంటే నీకు చీమ కుట్టినట్టయినా లేదు. ఇల్లు నువ్వే ఉంచుకో. అమ్ముల్ని మాత్రం వదలను!"

సోఫాలో కూర్చున్న భ్రమరాంబ చేతికర్రతో నేలను ఒక్కటి పొడిచింది. "ఊకోండి ఇద్దరూ! నేను బతికుండగానే కొట్టుకుంటారా? రాసేసిన. ఇల్లు జయదేవ్‌కు, కాసులపేరు, వడ్డాణం రాగిణికి. అమ్ములు గూడ రాగిణికే. రేపు లాయరు దగ్గర పక్కా చేయిస్త."

కెనడాలోని వాన్ పట్టణంలో, వాకిలి ముందర రెండు కార్లు నిలిపిన ఇంట్లో, ఆదివారం పట్టపగలు, ఒక మనిషిని వడ్డాణం పక్కన పెట్టి పంచారు! ఆ మాట అన్నవాళ్ళకు గాని విన్నవాళ్ళకు గాని అందులో తప్పేమీ కనిపించలేదు. కనిపించింది కోడలు ఝాన్సీలక్ష్మి ఒక్కదానికే. ఆమె లేచి వంటగదిలోకి వచ్చింది.

"అత్తమ్మా..." అంది మెల్లగా. అమ్ముల్ని ఆ ఇంట్లో ఆ పిలుపు పిలిచేది ఆమె ఒక్కతే. కడుపున పుట్టినట్టుగా సాకిన జయదేవ్ పిల్లలు కూడా 'అమ్ములూ' అనే పిలుస్తారు. "విన్నావా?"

"చెవులున్నయి కద బిడ్డా, వినక ఏం జేస్త?" అమ్ములు మళ్ళీ చింతపండు పిసకసాగింది. "మా అమ్మ గూడ గిట్లనే వచ్చె. నేనూ గిట్లనే వస్తి. ఇగ మూడోసారి పోవుడేనాయె."

"నీకు కోపం రాదా?"

"కోపం తెచ్చుకుంటే పప్పు మాడుతది."

ఆ మాట నవ్వుతూనే అంది గానీ, ఆమె కళ్ళలోంచి రాలిన చుక్క చింతపండు పులుసులో కలిసిపోయింది...

ఆ కథ ఝాన్సీకి ముక్కలు ముక్కలుగా తెలుసు. దొరల ఇంటి పిల్లకు పెళ్ళి చేస్తే ఆవులూ, ఇత్తడి బిందెలూ, మంచాలతో పాటు ఒక పేదింటి ఆడపిల్లను కూడా అరణంగా పంపేవారు. ఆమెను ఆడబాప అనేవారు. నిజాం ఏలుబడిలో భ్రమరాంబ తల్లి కాపురానికి వచ్చినప్పుడు అట్లా వెంట వచ్చిన పిల్ల పేరు రాజవ్వ. పగలు దొరసానికి కాళ్ళు ఒత్తింది. దొర పిలిచిన రాత్రి కాదనే నోరు ఆమెకు లేదు. ఆ రాజవ్వకు పుట్టిందే అమ్ములు! భ్రమరాంబకు పెళ్ళయిననాడు పదేళ్ళ అమ్ముల్ని కొత్త పరికిణీ కట్టి, పెళ్ళిబండిలోనే ఒక మూల కూర్చోబెట్టారు. రాజవ్వ బండి వెనకాల పొలిమేర దాకా పరుగెత్తిందట. భ్రమరాంబ, అమ్ములు ఇద్దరి ముక్కూ ఒకటే, ఇద్దరి నొసలూ ఒకటే. ఊరందరికీ తెలిసిన సంగతే. అయినా ఒక్క నోరూ దాన్ని పలకలేదు.

జయదేవ్‌కు మొదటి బిడ్డ పుట్టిననాడు భ్రమరాంబ కెనడాకు వస్తూ అమ్ముల్ని వెంట తెచ్చుకుంది. ఉప్పుడబ్బా మరిచిపోలేదు, అమ్ముల్నీ మరిచిపోలేదు.

"రేపు లాయరు దగ్గరికి నువ్వూ రావాలి" అంది ఝాన్సీ.

"సంచి మొయ్యనీకా?"

"కాదు. ఆ కాగితంలో నీ పేరుంది. చదివేటప్పుడు నువ్వు ఎదురుగా ఉండాలి."

అమ్ములు చెయ్యి కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, "నా నీలిచీర ఇస్త్రీ చేసిపెట్టు బిడ్డా" అంది.

మర్నాడు లాయరు ఆఫీసులో అందరూ కూర్చున్నారు. లాయరు వాసవి ఇక్కడే పుట్టిపెరిగిన అమ్మాయి. తెలుగు ఆచితూచి మాట్లాడుతుంది. "ఆంటీ, క్లయింట్‌తో నేను ఒంటరిగా మాట్లాడాలి. అదీ పద్ధతి" అంది.

"నా పిల్లల ముందర చెప్పలేని మాట నా దగ్గర ఏముందమ్మా? చదువు" అని భ్రమరాంబ తన కాగితం ఇచ్చింది.

వాసవి కూడబలుక్కుంటూ చదివింది. ఇల్లు... కాసులపేరు... వడ్డాణం... వెండి కంచాలు... దేవుడి విగ్రహాలు... హైదరాబాదు ఫ్లాటు... అక్కడ ఆగింది.

"ఏడో అంశం, అమ్ములు, రాగిణికి. ఆంటీ, అమ్ములు అంటే ఏమిటి? నగా? లేకపోతే... మీ కుక్కపిల్లా? పెంపుడు జంతువుల్ని కూడా రాయొచ్చు, ఫర్వాలేదు."

జయదేవ్ తల దించుకున్నాడు. రాగిణి తన ఫోను వైపు చూసుకుంది.

తలుపు దగ్గర సంచి పట్టుకుని నిలబడ్డ నీలిచీర ముసలామె, "నేనేనమ్మా" అంది. "అమ్ములంటే నేనే."

వాసవి ముఖం ఎర్రబడింది. కుర్చీలోంచి లేచి నిలబడింది. "సారీ... సారీ ఆంటీ!" "మనుషుల్ని రాయకూడదు ఆంటీ! రెండొందల ఏళ్ళ కింద ఈ ఒంటారియోలోనే రైతులు గుర్రాలూ, పరుపులూ, పాడి ఆవులతో పాటు మనుషుల్ని కూడా కొడుక్కింత, కూతురికింత అని విల్లులో రాసేవాళ్ళు. మాకు క్లాసులో చూపించారు. ఇప్పుడు... ఇప్పుడెట్లా?"

"అది వేరు, ఇది వేరు!" భ్రమరాంబ తడబడింది. "దాన్ని దిక్కులేనిదాన్ని చెయ్యొద్దనే కద రాయించిన! నా తర్వాత దానికి బుక్కెడు బువ్వ పెట్టేదెవరు?"

"అయితే వేరేగా రాద్దాం ఆంటీ. ఈమె మీకు ఏమవుతారు?"

"పనిమనిషి" అంది రాగిణి చటుక్కున.

అమ్ములు సంచి కింద పెట్టింది. అరవై ఏళ్ళుగా మోసిన సంచి అది! నాలుగడుగులు వేసి భ్రమరాంబ ఎదురుగా వచ్చి నిలబడింది.

"నువ్వు చెప్పు దొరసానమ్మా. నీ బిడ్డ గాదు, నువ్వు చెప్పు. నేను నీకేమైత?"

"అమ్ములూ, ఇంటికి పోయి మాట్లాడుకుందాం..."

"ఇంట్ల ఎన్నడు మాట్లాడినం? ఇయ్యాల్నే చెప్పాలె. నేను నీ నాయన బిడ్డనా, కాదా?"

"అమ్ములూ!" భ్రమరాంబ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఎన్నడూ ఎవరి ముందూ కంటతడి పెట్టని దొరసాని వెక్కివెక్కి ఏడ్చింది. "మా అమ్మ నాతోని ఒట్టు వేయించుకున్నదే... 'దాన్ని చెల్లె అని పిలిచిననాడు నేను చచ్చినట్టే' అన్నది. తన వెంట తెచ్చుకున్న పిల్లనే తన మొగుడు... అమ్మ గోడకు తల కొట్టుకుని ఏడ్వంగ నేను చూసిన! ఆ ఏడుపు చూసి నోరు కుట్టేసుకున్ననే..."

"మీ అమ్మకు గోడ ఉండె కొట్టుకోనీకి" అంది అమ్ములు. ఆమె గొంతులో ద్వేషం లేదు. "మా అమ్మకు ఏడ్వనీకి కొట్టం గూడ లేకపాయె. నీ పెండ్లిబండి వెనక ఉరికింది సూడు, గంతే, ఆమెకు దొరికిన తావు."

ఝాన్సీ కొంగు నోట్లో కుక్కుకుంది. జయదేవ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకోవడం మరిచిపోయాడు.

భ్రమరాంబ తలెత్తింది. "రాయమ్మా" అంది లాయరుతో. "అమ్ములు నా చెల్లె. నా తోడబుట్టింది. ఒట్టు తప్పిన పాపం నేను మోస్త."

"చెల్లెలికి ఏమిస్తారు ఆంటీ?"

"ఏమడిగితే అది ఇస్త."

అమ్ములు తల అడ్డంగా ఊపింది. "నీ దయల నుంచైతే నాకు ఒక్క ముక్కుపుడక గూడ వద్దు. నాయన సొమ్ముల నుంచైతే నా పాలు నాకు పెట్టు. కాసులపేరు నాయన చేయించిందే. హైదరాబాదు ఫ్లాటు నాయన పొలం అమ్మి కొన్నదే. నేను అడిగేది ముష్టి కాదు."

"అమ్మా! కాసులపేరు నాదన్నావు!" రాగిణి అరిచింది. తల్లి ఆమె వైపు చూడనే లేదు.

"కాసులపేరు సగం, ఫ్లాటు సగం. రాసుకో" అంది భ్రమరాంబ.

వాసవి రాసుకుంది. "ఈమె పూర్తి పేరు కావాలి. ఇంటిపేరు ఏమిటి?"

ఝాన్సీ ముందురోజే బీరువాలోంచి తీసుకున్న అమ్ములు పాస్‌పోర్టును బల్లమీద పెట్టింది. అందులో ఒక్క పేరే ఉంది. ఇంటిపేరుండాల్సిన చోట ఖాళీ!

"మా నాయన ఇంటిపేరు రాయి" అంది భ్రమరాంబ. తన జీవితంలో ఇచ్చిన అతి పెద్ద కానుక అదేనని ఆమె ముఖమే చెబుతోంది.

"వద్దు" అంది అమ్ములు.

అందరూ తెల్లబోయారు.

"ఆయన పేరు ఆయన దగ్గర్నే ఉండనీ. మా అమ్మను మీ అమ్మ పెండ్లినాడు మీ తాత అరణం జాబితాల 'దాసి ఒకతి' అని రాయించిండట. పేరు గూడ లేదు. ఇప్పుడు రాయి బిడ్డా, రాజవ్వ బిడ్డ అమ్ములు. అట్లనే రాయాలె."

"రాస్తాను ఆంటీ" అంది వాసవి. రాసింది, గట్టిగా చదివి వినిపించింది. ఒక కాగితం మీంచి రాజవ్వ పేరు తొలిసారి బయటికి వినిపించింది. అమ్ములు కళ్ళు మూసుకుని మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివింది.

రాగిణి లేచి వచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని, "మరి... కేంబ్రిడ్జ్‌కి రావా? పిల్లలు..." అని నసిగింది.

"రాకేం బిడ్డా? చుట్టంగ వస్త. బట్టలు పెట్టి పంపు."

ఏడుస్తూనే ఝాన్సీ ఫక్కున నవ్వేసింది. సంతకాలకు మరో రోజు రమ్మని చెప్పి, వాసవి అందరికీ కాఫీ తెప్పించింది. ఖాళీ కుర్చీ లాగి అమ్ముల్ని కూర్చోబెట్టి, మొదటి కప్పు ఆమె చేతికే ఇచ్చింది.

భ్రమరాంబ చేతికర్ర పట్టుకుని లేచింది. అలవాటుగా చెయ్యి చాపి, "పోదామా చెల్లే?" అంది.

అమ్ములు కదలలేదు. వేడి కాఫీని ఊది, ఒక గుక్క తాగింది.

"ఉండక్కా" అంది. "నా కాఫీ కానీ."

భ్రమరాంబ కర్ర ఆనించి, మెల్లగా మళ్ళీ కూర్చుంది. ఎదురుచూసింది.