రెండోసారి అడగని మాట

ఆసుపత్రి పై అంతస్తులో, ఆపరేషన్ గది బయటి బల్ల మీద తల్లి కూలబడింది. పొద్దుటి నుంచి హోటల్ దుప్పట్లు ఇస్త్రీ చేసీ చేసీ భుజాలు లాగేస్తున్నాయి. బయట ముసురు. సాయంత్రం కాకుండానే వరండా మసకబారింది. స్పిరిట్ వాసనలో తడి గొడుగుల వాసన కలిసిపోయింది.

లోపల ఉన్నది చిట్టి, ఆవిడ ఒక్కగానొక్క కూతురు. పరిశోధనకని అండాలు ఇవ్వడానికి వచ్చింది. తీసినవాటిని ఏళ్లకేళ్లు మంచుపెట్టెల్లో దాస్తారట. వద్దే అంటే, "నువ్వివ్వలేదా? ఆ డబ్బుతోనేగా నన్ను పెంచావు?" అని నోరు మూయించింది.

కాదనడానికి లేదు. భర్త మంచం పట్టి, చిట్టి ఉయ్యాల్లో ఉన్న రోజుల్లో తనూ ఇచ్చింది, ఒకటికి నాలుగుసార్లు. "ఈ డబ్బు అండాలకు కాదమ్మా, మీ శ్రమకి" అంది అప్పటి డాక్టరమ్మ. ఇప్పటి డాక్టరమ్మ కూడా చిట్టితో అక్షరం పొల్లుపోకుండా అదే మాట అంది. శ్రమకే డబ్బిస్తే ఇస్త్రీపెట్టె పట్టిన చేతులకి ఈపాటికి మేడలుండాలి కదా అనుకుని, నవ్వే ఓపిక లేక ఊరుకుంది.

కరెంటు పోయింది. లోపలి గదుల కోసం ఎక్కడో జనరేటర్ గుర్రుమంది. వరండాలో మాత్రం దీపాలు రాలేదు.

తలుపు కిర్రుమంది. తలమీంచి దుప్పటి కప్పుకుని పిల్ల బయటికొచ్చింది.

"పదమ్మా, ఇంటికి పోదాం."

"అప్పుడే పంపేశారా?"

"ఊఁ."

గొంతు బొంగురుపోయింది, మత్తు వల్ల కాబోలు అనుకుంది తల్లి. చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. గేటు పక్క రేకుల కింద, బస్సు కోసం ఇద్దరూ కూర్చున్నారు. పిల్ల తల ఆమె భుజాన వాల్చింది. చీర దాటి, రవిక దాటి, చలి ఎముకల్లోకి దిగింది.

"ఇంత చల్లగా ఉన్నావేంటే?"

"అక్కడ చలేగదమ్మా... ఎప్పుడూ చలే."

ఎప్పుడూ...?

అప్పుడే ఫోను మోగింది. నర్సు. "ఎక్కడికెళ్లారమ్మా? మీ అమ్మాయికి మెలకువొచ్చింది. అమ్మేదీ అని ఒకటే అడుగుతోంది."

తల్లి పక్కకి తిరగలేదు. మెడ తిరగనంది. భుజం మీద బరువు అలాగే ఉంది... ఊపిరి మాత్రం తగలడం లేదు.

"పిల్లలు పుడతారా అని అప్పుడు అడిగావటగా" అంది పక్కనున్న పిల్ల గుసగుసగా.

"అడిగాను."

"ఏమన్నారు?"

"పుట్టరు, ఇది పరిశోధనకే అన్నారు."

"మళ్లీ అడగలేదేం?"

వాన చూరు మీంచి కారుతోంది. అబద్ధం చెప్పడానికి కూడా ఓపిక ఉండాలి.

"అలిసిపోయి ఉన్నానమ్మా" అంది.

ఆమె లేచింది. మెట్లెక్కింది. వేళ్ల మధ్య ఆ చల్లటి వేళ్లు... ఒక్కో మెట్టూ వెంటే ఎక్కాయి. వార్డు గుమ్మం దగ్గర చెయ్యి తేలికైంది. చూసుకుంటే ఖాళీ.

కరెంటు వచ్చింది. మంచం మీద చిట్టి పాలిపోయి ఉంది. రెండు చేతులతో పొత్తికడుపు పట్టుకుంది.

"ఎక్కడికెళ్లావమ్మా?"

"ఎక్కడికీ లేదు." పక్కనే కూర్చుని నుదురు నిమిరింది. నుదురు వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనానికి ఏడుపొచ్చింది. "ఇంక వద్దు చిట్టీ. ఇదే ఆఖరు."

ఎప్పుడూ ఎదురు చెప్పే పిల్ల ఈసారి సరేనని తలూపింది. తల్లి కళ్లు మూసుకుంది. ఎన్నాళ్ల అలసటో, కూర్చున్నచోటే కునుకు పట్టబోయింది.

నర్సు వచ్చి సెలైన్ సీసా మార్చింది. ఆవిడకీ డ్యూటీ దిగే వేళ. ఆవలింత ఆపుకుంటూ, మంచం చుట్టూ ఒకసారి విసుగ్గా చూసింది.

"పేషెంటు దగ్గర ఒక్కరే ఉండాలమ్మా" అంది. "మిగతావాళ్లందర్నీ బయట కూర్చోమనండి."