మామగారి గాలిబురుజు

ఇరాన్ ఎడారి ఊరు యజ్ద్‌లో వేసవి మధ్యాహ్నం ఎవరూ నేల మీద ఉండరు. మెట్లు దిగి నేలమాళిగలో చాప పరుచుకుంటారు. ఇంటి కప్పు మీది గాలిబురుజు ఎడారి గాలిని నోట పట్టి, నిలువు గొట్టంలోంచి కిందికి దింపి, నీళ్ల తొట్టి మీదుగా ఒంటికి తాకిస్తుంది. రెండు దోసకాయ ముక్కలు, పుదీనా వేసిన మజ్జిగ, ఆపైన ఒక కునుకు. ఊరంతా అలా బతికేది.

మా పేట మాత్రం కాదు. మేం జరతుష్ట్రను నమ్మినవాళ్లం, మీరు పార్సీలంటారే, ఆ జనం. మావాళ్ల ఇళ్ల మీద గాలిబురుజు లేవకూడదని అప్పట్లో ఊరి పాలకుల కట్టడి. అయినా మా ఇంటి మీద ఒకటుండేది. నేను కాపురానికి రావడానికి చాలా ముందే మా మామగారు ఖొదాదాద్ ఎవరినీ అడక్కుండా కట్టేశాడట. పదో రోజునే అధికారి మనుషులు వచ్చి దాని నోళ్లన్నీ ఇటుకలతో మూయించారు. కూల్చలేదు. రోజూ చూసి బుద్ధి తెచ్చుకోమని వదిలేశారు. ఆ రోజే మామగారు గోడ దూకి బొంబాయి పారిపోయాడని చెప్పుకునేవారు. ఉత్తరం ముక్క కూడా రాలేదు.

ఆ గాలాడని నేలమాళిగలో నా బిడ్డలిద్దరు పోయారు. రెండు వేసవుల్లో ఇద్దరు. మూడోవాడు బహ్రామ్‌కి ఎనిమిదో నెల నడుస్తుండగా వడగాడ్పులు మొదలయ్యాయి. పెదాలు నీలంగా తిరిగి, డొక్కలెగరేస్తూ వాడు ఊపిరి వెతుక్కుంటున్నాడు. ఆ తంతు నాకు కొత్త కాదు.

ఆ ఏడే కట్టడి కాస్త సడలింది. మావాళ్లలో ఒక పెద్ద వర్తకుడు అనుమతి తెచ్చుకుని బురుజు కట్టుకున్నాడు. ఆ కబురు చెవిన పడగానే నేను గునపం తీశాను. మా ఆయన పొరుగూరి తోటలో పనికి వెళ్లాడు. ఇంట్లో ఉన్నా ఆగేదాన్ని కాదు.

"ఒసేయ్ మోర్వారీద్, దాని జోలికి పోకే," అంది మా అత్త దౌలత్.

"ఎందుకు పోకూడదు? అనుమతి వచ్చిందిగా?"

"అనుమతి ఇవ్వాల్సింది వాళ్లు కాదే."

"మరెవరు, నువ్వా?"

ఆమె నా చేతిలోని గునపం పట్టుకుని లాగింది. నిజంగా భయపడింది.

"ఇద్దరిని సాగనంపాను అత్తా. ఇక నావల్ల కాదు," అని కప్పెక్కాను.

పైన నోళ్లు తెరవడానికి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. అరచేతులు బొబ్బలెక్కాయి. తర్వాత నేలమాళిగలోకి దిగి, గొట్టం కింది నోటిని మూసిన ఇటుక గోడకు గునపం తగిలించాను. మొదటి ఇటుక కదిలింది. పట్టుకోబోతే నా చేతిలోంచి లోపలికి జారిపోయింది.

పడిన చప్పుడు రాలేదు.

పర్వాలేదనుకుని మిగతావి లాగేశాను. ముందొక వాసన వచ్చింది. పాత మట్టి వాసన కాదు, గబ్బిలాల కంపు కాదు. అప్పుడే నిద్ర లేచిన మనిషి నోటి వాసన. దాని వెనకే గాలి దిగింది. చల్లగా, బలంగా. తొట్టిలో నీళ్లు వణికాయి. ఉయ్యాలలో బహ్రామ్ గుప్పిళ్లు విప్పి, పెద్ద నిట్టూర్పు విడిచి నిద్రపోయాడు. నాకు ఏడుపొచ్చింది. ఇంత గాలిని మాకు లేకుండా చేసినవాళ్లను నోరారా తిట్టుకున్నాను.

అత్త మాత్రం నేను తీసిన ఇటుకలను ఒక్కొక్కటీ తిప్పి చూస్తోంది. లోపలి వైపు గీతలున్నాయి. గోళ్ల గీతలు. గొట్టం అడుగున ఒక తాపీ, ఒక తెల్లటోపీ కనిపించాయి. ఎముకలు లేవు. నా చేతిలోంచి జారిన ఇటుక కూడా లేదు.

"పైన వాళ్లు మూశారు," అంది అత్త గుసగుసగా. "కింద నన్ను మూయమన్నారు... మూశాను. ఆయన పారిపోయాడనుకున్నాను, గొట్టంలో దాక్కున్నాడనుకోలేదు. మూడు రోజులు లోపల చప్పుడైతే, పిట్ట ఇరుక్కుందనుకున్నానే."

"నిజంగా అనుకున్నావా?"

"అనుకోవాలని అనుకున్నాను."

మా వీధి కుక్కను పిలుచుకొచ్చాను. కళ్ల మీద రెండు మచ్చలుండే కుక్క. మాలో ఎవరైనా పోతే దాన్ని తెచ్చి చూపిస్తాం. ప్రాణం పోయిన ఒంటి మీద దాని చూపు రెప్ప వాల్చకుండా నిలిచిపోతుంది. ప్రాణముంటే తోక ఊపుతుంది. కుక్క చూడందే మాకు చావు చావు కాదు. ఆలస్యమైనా సరే, మామగారికి ఆ మర్యాద జరగాలి కదా.

కుక్క గొట్టం కింద నిలబడి మెడ ఎత్తి చీకట్లోకి చూసింది.

తోక ఊపింది.

అత్త కెవ్వుమనలేదు. గొట్టం దగ్గరికి జరిగి చెవి పెట్టింది. అప్పుడు గమనించాను. మెట్ల పైన, వాకిట్లో ఆరేసిన బట్టలు కదలడం లేదు. బయట గాలి పడిపోయింది. ఊళ్లో ఒక్క బురుజు కూడా పలకడం లేదు.

మా గొట్టంలో మాత్రం గాలి ఆగలేదు.

కిందికి వచ్చింది... ఆగింది. పైకి పోయింది... ఆగింది.

"మోర్వారీద్..." అంది అత్త. "ఊపిరి తీస్తున్నాడే."

కిందికి... పైకి. పైకి పోయినప్పుడల్లా ఉయ్యాల గుడ్డ గొట్టం వైపు లేస్తోంది. ప్రతిసారీ ఇంకాస్త ఎక్కువ. నేను పరుగెత్తి బిడ్డను అందుకున్నాను. నోరు తెరిచి ఉంది. ఊపిరి బయటికే పోతోంది. లోపలికి రావడం లేదు.

భయమేసింది. భయం కన్నా ముందు ఒళ్లు మండింది.

బిడ్డను చంకనేసుకుని ఇటుక చేతపట్టి గొట్టంలోకి అరిచాను. "మామా! నిన్ను మూసినవాళ్లు ఎక్కడో చల్లగా ఉన్నారు. పోయి వాళ్ల మీద పడు! దొరికాడని పసివాడి మీదా నీ ప్రతాపం? నా బిడ్డ ఊపిరి నాకిచ్చెయ్. ఇవ్వకపోతే మళ్లీ మూస్తా. ఈసారి మూసేది నీ పెళ్లాం కాదు, నేను. నేను మూస్తే తెరిచేవాళ్లుండరు!"

గాలి ఆగిపోయింది.

చాలాసేపు... ఏమీ లేదు. చంకలో బిడ్డ కదలడం లేదు.

మొదటి ఇటుక పెట్టాను. రెండోది ఎత్తాను.

అప్పుడు పైనుంచి మెల్లగా, వెచ్చగా, ఒక్క ఊపిరి దిగింది. బహ్రామ్ ముఖం మీదుగా పోయింది. వాడు కేరుమన్నాడు. పెదాలు ఎర్రబడ్డాయి.

"ఉండు, ఎవరొద్దన్నారు?" అన్నాను ఇటుకలు పక్కన పడేస్తూ. "ఇది నీ ఇల్లు. వాడూ ఉండాలి, అంతే."

ఆ తర్వాత వాడికి జలుబు కూడా చేయలేదు. చలికాలం అందరూ బురుజు నోళ్లకు తలుపులు వేసుకుంటే నేను వేయనివ్వలేదు. మా ఆయన పోట్లాడాడు. గొంగళ్లు కప్పుకుని వణికాం. వేయనివ్వలేదు.

వాడికి ఏడేళ్లప్పుడు ఒక మధ్యాహ్నం గొట్టం కింద పడుకుని, కాళ్లూపుతూ నాతో కబుర్లు చెబుతున్నాడు. భోజనానికి ముందు కుక్కకు పెట్టే ముద్ద నా చేతిలో ఉంది. ఆ మచ్చల కుక్క మెట్లు దిగి, ఎప్పటిలాగే గొట్టంలోకి చూసి తోక ఊపింది. తర్వాత బహ్రామ్ వైపు తిరిగింది.

తోక ఆగింది. చూపు నిలిచిపోయింది. రెప్ప వాల్చలేదు.

మూలనున్న అత్త గొణుగుతూ ప్రార్థన మొదలుపెట్టింది. పోయినవాళ్లకు చదివేది.

"అమ్మా, అదేంటి, అలా చూస్తోంది?" అన్నాడు వాడు నవ్వుతూ.

"ముసలిదైపోయిందిరా, కళ్లు కనబడవు," అని ముద్ద దాని ముందు పడేసి, మెడ పట్టుకుని బయటికి గెంటాను. అత్తను నోరు ముయ్యమన్నాను. తిరిగొచ్చి వాడి తల నిమిరాను. ఛాతీ మీద మాత్రం చెయ్యి పెట్టలేదు.

ఇప్పటిదాకా పెట్టలేదు. వాడికి ముప్పై దాటాయి. నా వంట తింటాడు, నాతో దెబ్బలాడతాడు, నన్ను నవ్విస్తాడు. వాడు వీధిలో నడుస్తుంటే కుక్కలన్నీ ఆగి చూస్తాయి.

చూడనీ.